ఎనభై ఎనిమిదో నంబరు మాడ్

జూన్ 2, మంగళవారం

తప్పు చేసింది సర్వేయరు. ముందు ఇది రాసి పెట్టుకోవాలి. తర్వాత ఎవరెన్ని మెత్తటి మాటలు చెప్పినా నేను కరిగిపోకుండా.

మేం అయిదుగురం కలిసి ఒక దీవి కట్టుకునే కంప్యూటరు ఆట ఉంది. నిన్న సాయంత్రం ఆయన దానికి మేం చేర్చుకున్న వస్తువుల కలెక్షన్‌లోంచి ఎనభై ఎనిమిదో నంబరు మాడ్ తీసేశాడు. ఎవరినీ అడగలేదు. జాబితాలో నూట నలభై మూడుంటే తీసింది ఒక్కటి, అదీ మావయ్యది. దాంతో మావయ్య దీవి మీద పద్నాలుగు నెలలుగా కడుతున్న హాలు పోయింది. తలుపులు, కిటికీలు, కప్పు, మొత్తం అరవై ఒక్క వస్తువులు. గోడలు ఆటతో వచ్చినవి కాబట్టి మిగిలాయి. పళ్లూడగొట్టిన నోరులా నిలబడి ఉన్నాయి.

మొదట చూసింది నేనే. ప్రెస్సు నుంచి రాగానే అయిదు నిమిషాల పని మీద దీవిలోకి వెళ్లాను. నేను రాసిన పోస్టరు హాలు గోడకి అంటించాలి. "కలెక్షన్ ఒక్కడి సొత్తు కాదు, అయిదుగురిదీ!" తెరిచేటప్పుడు ఆట ఏదో అడిగింది, సరే అన్నాను. అది ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. పోస్టరు అంటించి, వంకర లేకుండా సరిచేసి, దూరం నుంచి ఎలా కనిపిస్తుందో చూద్దామని వెనక్కి జరిగితే కదా తెలిసింది, గోడ పైన ఆకాశం ఉంది.

అరిచాను. అత్తయ్య మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందిరా?"

"దొంగతనం!"

ఆవిడ తలుపు గొళ్లెం చూసి, బీరువా చూసి, నన్ను చూసి, నా ఎదురుగా ఉన్న కంప్యూటరు చూసి, తిట్టాల్సినవన్నీ తిట్టి దిగిపోయింది.

ఏడింటికి సర్వేయరు ఆ మాడ్‌ని మళ్లీ జాబితాలో పెట్టాడు. పెడితే ఏం లాభం? తలుపు నమూనా తిరిగొచ్చింది, కానీ ఏ తలుపు ఏ గుమ్మానికి నిలబెట్టాడో ఆ గుర్తు దీవికి లేదు. మా గ్రూపులో ఆయన రాసిన వాక్యం ఇది: "ఒక పొరపాటు జరిగింది, విచారిస్తున్నాను." జరిగిందట! వాన కురిసినట్టు, దానంతటది.

జూన్ 3, బుధవారం

మావయ్యకి నేనే చూపించాను. ఇంకొకరి నోట వినడం కన్నా మేలని.

నాలుగేళ్ల కింద ఆయన కుడిచేతి రెండు వేళ్లని రంపం తీసుకుంది. అప్పటిదాకా ఈ వీధిలో సగం ఇళ్ల ద్వారబంధాలు ఆయనవే. తర్వాత రెండేళ్లు అరుగు మీద కూర్చుని వచ్చే పోయే బళ్లని చూశాడు. ఎడమచేతికి మౌసు ఇచ్చి కూర్చోబెట్టింది నేను. ఆటవాళ్లు ఇచ్చే తలుపు చూసి "ఇది తలుపా? అట్టముక్క" అన్నాడు. ఇక తనే చేయడం మొదలుపెట్టాడు. కొలతలు ఆయనవి, కంప్యూటరులో గీత గీయడం మొదట్లో నాది, తర్వాత అదీ ఆయనదే. ఎవరికీ కనపడని చోట కూడా చెక్కలో చెక్క దిగే కుసి చెక్కి, దానికి బెజ్జం పెట్టేవాడు.

"ఎందుకు మావయ్యా, ఆటలో కప్పు కూలదు కదా!"

"నాకు తెలుస్తుంది కదరా."

అలాంటి మనిషికి ఇవాళ ఆ మొండిగోడలు చూపించాను. హాలు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. లోపలికెళ్లి పైకి చూశాడు. అప్పుడు "గాలివాన కూడా పెట్టారా ఇందులో?" అని అడిగాడు.

"లేదు మావయ్యా. సర్వేయరు తీసేశాడు."

"ఎందుకు?"

"ఎందుకంటే కలెక్షన్ మార్చే తాళాలు ఆయన దగ్గరున్నాయి కాబట్టి."

మావయ్య దిగి వెళ్లి పాత ఉలులు ముందేసుకుని నూనె రాస్తూ కూర్చున్నాడు. అత్తయ్య రెండుసార్లు భోజనానికి పిలిచింది.

జూన్ 4, గురువారం

సర్వేయరు మావయ్యకి ఫోన్ చేశాడు. "ఎత్తకు" అన్నాను. ఎత్తలేదు.

జూన్ 6, శనివారం

ప్రెస్సులో గొడవ. నిజానికి గొడవ అనకూడదు, విచారణ అనాలి.

పొద్దున్నే కత్తిరింపు మిషను దగ్గర నిలబడి, ట్యాంకరు డ్రైవర్ల కరపత్రాలు అంచులు కోస్తున్నాను. ఇక్కడ అచ్చయిన ప్రతి కరపత్రం ఒక కాపీ నా దగ్గరుంటుంది. నేను చదువుకున్న చదువంతా అదే, నిలబడి చదివిన చదువు. ఇవాళ్టిదాంట్లో ఒక వాక్యం బాగా నచ్చింది: "తాళం ఒకడి చేతిలో ఉన్నంత కాలం గది ఎవరిదీ కాదు." పైకి చదివాను. యజమాని కళ్లద్దాల మీంచి చూశాడు.

"నీ మొహమేంట్రా మూడు రోజులుగా మండుతోంది?"

చెప్పాను.

"మాడ్ అంటే ఏంటి?"

"ఆట అమ్మేవాళ్లు మనకిచ్చేది ఖాళీ నేల సార్. దాని మీద వాడుకోవడానికి మనలాంటివాళ్లు చేసిపెట్టిన వస్తువులు మాడ్లు. దీపం ఒకరు చేస్తారు, బస్సు ఒకరు చేస్తారు. వాటన్నిటినీ ఒక వరసలో పేర్చి, ఒక్క నొక్కుతో అందరి కంప్యూటర్లలోకీ ఎక్కేట్టు పెడితే అది కలెక్షన్. ఆ వరస పెట్టేవాడు సర్వేయరు."

"అంటే చాకిరీ చేసేవాడన్నమాట."

"పెత్తనం చేసేవాడు!"

"నా ప్రెస్సులో రెండూ నేనే చేస్తున్నాను" అని ఆయన తన ప్రూఫుల్లోకి తలదూర్చాడు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు సర్వేయరు. చంకలో స్థలాల పటాలు, లామినేషన్‌కి. నలభై అయిదేళ్ల మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్సిళ్లు, మూడూ ఒకే పొడుగు. నన్ను చూసి ఆగాడు.

"తమ్ముడూ, మీ మావయ్య ఫోన్ ఎత్తడం లేదు."

"ఎత్తడు."

"నేనొకసారి ఇంటికి రావచ్చా?"

"హాలు తీసుకొస్తే రండి. తలుపులతో సహా."

ఆయన పటాలు బల్ల మీద పెట్టి, అంచులు సమానం చేసి, అప్పుడు నెమ్మదిగా అడిగాడు. "సోమవారం నేను గ్రూపులో పెట్టిన నోటీసు చదివావా?"

"మీ నోటీసులు ఎవరు చదువుతారండీ? పదకొండు పాయింట్లు, పాయింటుకో సీరియల్ నంబరు. అది నోటీసు కాదు, రిజిస్ట్రేషన్ దస్తావేజు."

యజమాని నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సర్వేయరు నవ్వలేదు. నా మొహంలోకి అదోలా చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేది ఎవరో చూద్దామన్నట్టు. ఆ చూపుకి నాకు ఒళ్లు మండిపోయింది. నేనెందుకు తడుముకోవాలి?

"నీకు కోపం వచ్చినంత తొందరగా చదువు వచ్చి ఉంటే బాగుండేది తమ్ముడూ" అని రసీదు తీసుకుని వెళ్లిపోయాడు.

అహంకారం! నిలబడి చదివినవాడి చదువు వీళ్లకి చదువులా కనిపించదు.

జూన్ 7, ఆదివారం

అభియోగపత్రం రాశాను. నాలుగు పేజీలు. కండక్టరన్నకి వినిపించాను. ఆయన మా అయిదుగురిలో ఒకడు, సిటీబస్సు కండక్టరు, దీవి మీద కూడా ఒక బస్సు చేసుకుని దాన్ని తనే నడుపుతాడు. ఎందుకంటే నిజం బస్సులో స్టీరింగు ముట్టుకోనివ్వరు.

"బాగుంది బ్రదరూ. కానీ 'చారిత్రక ద్రోహం' అన్నావు, అది కొంచెం..."

"కొంచెం?"

"ముందు సీట్లోకి వచ్చేసింది. వెనక్కి పంపు."

తీసేయలేదు. కానీ ఆయన ఓటు నాకే. అయిదో మనిషి నర్సక్క ట్రైనింగుకి వెళ్లి నాలుగు వారాలైంది, ఫోన్లు ఆసుపత్రి బీరువాలో పెట్టించుకుంటారట. అందువల్ల నలుగురమే.

జూన్ 9, మంగళవారం

మొదట చూసింది నేను. కాబట్టి అడిగే హక్కు నాది.

జూన్ 11, గురువారం

సాయంత్రం ఆరింటికి సభ, మాటలు హెడ్‌ఫోన్లలో. ఆ మొండిగోడల మధ్యే నిలబడ్డాం. అదే సరైన చోటు.

నాలుగు పేజీలూ చదివాను. ఆఖరి డిమాండు: తాళాలు ఆయన దగ్గర్నుంచి తీసేసి నాకివ్వాలి. సర్వేయరు అడ్డు రాలేదు. చివర్లో నేనే అడిగాను, "సోమవారం ఎనభై ఎనిమిదో నంబరు తీసింది మీరా, కాదా?"

"నేనే."

"ఎవరినైనా అడిగారా?"

"లేదు."

"ఇంకేం కావాలి!" అని అరిచాను. హెడ్‌ఫోన్లలో నా గొంతు నాకే గరగరలాడింది.

కండక్టరన్న మెల్లగా "సార్, తీయాల్సిన అవసరం ఏంటో చెప్పండి" అన్నాడు.

"ఆట కొత్త వెర్షన్ వచ్చింది. తలుపులు గోడల్లోకి దిగబడుతున్నాయి. ఏ మాడ్ వల్లో తేలాలంటే ఒక్కొక్కటే తీసి చూడాలి."

"దీవి మీద ప్రయోగాలు! మనుషుల శ్రమ మీద ప్రయోగాలు!" అన్నాను.

ఆయన ఏదో అనబోయి ఆగాడు. కచ్చితంగా ఆగాడు, ఊపిరి వినపడింది. తర్వాత "ఓటుకి పెట్టండి" అన్నాడు.

నేను, కండక్టరన్న. రెండు. మావయ్య వంతు వచ్చింది. ఆయన నా పక్క కుర్చీలోనే ఉన్నాడు, ఒకే మైకు. "ఊ అను మావయ్యా" అన్నాను. తెర మీది మొండిగోడలు చూశాడు.

"ఊ" అన్నాడు.

సర్వేయరు అప్పటికప్పుడు తాళాలు పంపించేశాడు. దాంతోపాటు ఒక ఫైలు, "వరస, కారణాలు" అని పేరు. "ఇది కూడా ఉంచుకో, పనికొస్తుంది" అన్నాడు.

గెలిచాం. ఈ మాట రాసుకోవాలి కదా. గెలిచాం.

జూన్ 12, శుక్రవారం

ప్రెస్సుకి సెలవు పెట్టాను. కొత్త పాలన మొదలు.

మొదటి సంస్కరణ: వరస. నూట నలభై మూడింటిలో ఒకటి ముందు, ఒకటి వెనక ఎందుకుండాలి? ఎవడు నిర్ణయించాడు? ఏ మాడూ ఇంకో మాడ్ కన్నా పెద్దది కాదు. అన్నిటినీ అక్షరక్రమంలో పెట్టేశాను. అ నుంచి హ దాకా. ఇంతకన్నా న్యాయమైన వరస ప్రపంచంలో ఉందా?

మధ్యాహ్నం కండక్టరన్న ఫోన్.

"బ్రదరూ, నా బస్సు చెట్టెక్కింది."

"ఎక్కడ?"

"చెట్టు మీదే అంటున్నా కదా. హారన్ కొడితే ఆకులు రాలుతున్నాయి. ఇంకో సంగతి, నర్సక్క పెట్టిన వీధిదీపాలన్నీ భూమిలో దిగి అక్కడే వెలుగుతున్నాయి. నేల బాగా కనిపిస్తోందిలే."

మూడుసార్లు ఆట దానంతటది మూసుకుపోయింది. చివరికి ఇష్టం లేకపోయినా సర్వేయరు ఫైలు తెరిచాను. నూట నలభై మూడింటికీ ఒక్కొక్క వాక్యం రాసి ఉంది. "రోడ్డు మాడ్ ముందు ఎక్కాలి, బస్సు దాని మీద ఆనుతుంది." "ఈ రెండు దీపాలూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి, నేల మాడ్ తర్వాతే పెట్టాలి." రెండేళ్ల పని. ఎవరూ అడగని పని. ఆ వరసే మళ్లీ పెట్టాను. బస్సు దిగింది.

అంత మాత్రాన ఆయన చేసింది ఒప్పయిపోదు.

ఎనభై ఎనిమిదికి ఎదురుగా: "పెద్దాయనది. కొత్త వెర్షన్‌తో పేచీ ఉంది. తొందరపడకూడదు. ఇది తీసి ఉన్నప్పుడు దీవిని ఎవరూ తెరవకూడదు, తెరిస్తే ఆట వస్తువుల్ని మర్చిపోతుంది."

ఎవరూ తెరవకూడదు అని రాసుకున్నవాడు ఎవరు తెరిచారో కనిపెట్టలేదా? రేపు లాగ్ చూస్తాను. ఎవరెప్పుడు తెరిచారో, ఏం చేశారో ఆట నిమిషం నిమిషం రాసుకుంటుంది. ఇన్నాళ్లూ అది చూడగలిగింది తాళాలున్నవాడే. ఇప్పుడు నేను. ఆయనే తెరిచి ఉంటాడు. తేల్చేస్తాను.

జూన్ 13, శనివారం

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

జూన్ 14, ఆదివారం

లాగ్‌లో గడియారం తప్పు నడుస్తూ ఉండొచ్చు. అలాంటివి జరుగుతాయని చదివాను. ఎక్కడ చదివానో గుర్తు లేదు.

పేర్లు మార్చడం కూడా పెద్ద కష్టం కాదు, తాళాలున్నవాడికి.

ఆయన మార్చి ఉండొచ్చు.

జూన్ 15, సోమవారం

ఆయన మార్చలేదు. లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను.

అయిదూ రెండు: ఎనభై ఎనిమిదో మాడ్ తీయబడింది. సర్వేయరు.

ఆరూ పన్నెండు: దీవి తెరవబడింది. నేను.

హెచ్చరిక: అరవై ఒక్క వస్తువులు దొరకలేదు. అయినా తెరవాలా? జవాబు: సరే.

ఆరూ పదమూడు: పోస్టరు అంటించబడింది.

ఆరూ పదిహేడు: దీవి ఉన్నదున్నట్టు భద్రపరచబడింది.

అయిదు నిమిషాలకోసారి ఆట తనే భద్రం చేసుకుంటుంది. ఆ అయిదు నిమిషాలూ నేను పోస్టరు వంకర సరిచేస్తున్నాను.

గ్రూపులో వెనక్కి వెళ్లి ఆయన నోటీసు చదివాను. అయిదు గంటలకి పెట్టాడు. తొమ్మిదో పాయింటు: "పరీక్ష ముగిసి నేను చెప్పేంతవరకు ఎవరూ దీవి తెరవరాదు." ఊరందరికీ కరపత్రాలు చదవమని చెప్పే నేను పదకొండు వాక్యాల కాగితం చదవలేదు.

దొంగా దొంగా అని అరుస్తూ ముందు పరిగెత్తింది నేనే. ఈ పుస్తకంలో నా చేత్తో ఎన్నిసార్లు రాశాను, మొదట చూసింది నేనే అని!

జూన్ 16, మంగళవారం

వెళ్లాను. ఊరి చివర కొత్తగా ప్లాట్లు వేస్తున్న చోట ఎర్రజెండా కర్రలు పాతిస్తున్నాడు. మిట్టమధ్యాహ్నం, గొడుగు కూడా లేదు. కొలత పరికరంలో ఒక కన్ను పెట్టి రెండో కన్నుతో నన్ను చూశాడు.

"లాగ్ చూశావా?"

"మీకు మొదటిరోజే తెలుసు."

"ఆరూ ఇరవైకి తెలుసు. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది."

"మరి చెప్పలేదేం? సభలో నేను నాలుగు పేజీలు చదువుతుంటే ఎలా విన్నారు?"

ఆయన కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకున్నాడు. "మీ మావయ్యకి హాలు పోయింది. మేనల్లుడు కూడా పోవాలా? అనుకున్నాను." కర్రని ఇంకాస్త లోపలికి దించి, "అదీ కాక, నువ్వు ఎంతదూరం పోతావో చూద్దామనిపించింది. అది మాత్రం నా తప్పే" అన్నాడు.

ఏడుపు రావాల్సింది. కోపమే వచ్చింది. "నన్ను కాపాడమని ఎవరడిగారు? మీ జాలి నా మీద దుమ్ములా పడింది. ఆ రోజే లాగ్ నా మొహాన కొట్టుంటే ఇంత నీచానికి దిగేవాణ్ని కాదు!"

"నీచానికి నిన్ను నేను దింపానా తమ్ముడూ?"

"లేదు. కానీ ఒకటి అడుగుతాను. పరీక్ష చేయాల్సింది నకలు మీద. అసలు దీవి మీద ఎందుకు చేశారు? తాళం ఎందుకు వేయలేదు? తొమ్మిదో పాయింటుని ఒకటో పాయింటుగా ఎందుకు రాయలేదు?"

అప్పుడు మొదటిసారి ఆయనకి కోపం వచ్చింది. పెన్సిలు తీసి నా వైపు చూపించాడు.

"నకలా? మార్చిలో తీర్మానం పెట్టింది ఎవరు? 'నకళ్లు ఒకరి గుప్పిట్లో ఉండరాదు, వారానికొకరు వంతులవారీగా తీయాలి.' మొదటి వంతు ఎవరిది?"

నాది. నేను తీయలేదు. నేను తీయలేదు కాబట్టి రెండోవాడు తీయలేదు. కండక్టరన్న అప్పుడే అన్నాడు, "అందరి పని అంటే మా డిపోలో ఎవరి పనీ కాదని అర్థం బ్రదరూ" అని. నేను ఆయన్ని నిరాశావాది అన్నాను.

"తాళం వేయకపోవడం నాదే" అన్నాడు సర్వేయరు చల్లబడి. "వేయడం తెలుసు. వేస్తే మళ్లీ నువ్వు పెత్తనం అంటావని వేయలేదు."

ఇద్దరం ఎండలో నిలబడ్డాం. ఆయన పాతిన కర్రల వరస మాత్రం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్క వెంట్రుకంత కూడా వంకర లేదు.

జూన్ 17, బుధవారం

మావయ్యకి చెప్పాను. అంతా చెప్పాను. లాగ్ ఈ పుస్తకంలోంచే చదివి వినిపించాను.

హాలు గురించి అరుస్తాడనుకున్నాను. హాలు మాటే ఎత్తలేదు.

"ఆయన నాకు పన్నెండుసార్లు ఫోన్ చేశాడు" అన్నాడు. "పన్నెండు. నేను ఎత్తలేదు. నువ్వు ఎత్తొద్దన్నావని."

"మావయ్యా..."

"కప్పు పోతే ఊరుకున్నాను. చెట్టు కొట్టలేదు, చెక్క కొనలేదు, పోతే పోయింది. ఆ రోజు అందరి ముందూ నాచేత ఊ కొట్టించావు కదరా! ముప్పై ఏళ్లు పనిచేశాను. నేను చూడని చెక్క బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నీ మాట మీద ఒక మనిషిని కాదన్నాను."

ఎడమచెయ్యి బల్ల మీద కొట్టాడు. మౌసు కింద పడింది. తీయబోతే "వదిలెయ్" అన్నాడు.

జూన్ 18, గురువారం

మావయ్య నాతో మాట్లాడటం లేదు. అత్తయ్య ద్వారా కూడా లేదు.

జూన్ 19, శుక్రవారం

కండక్టరన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన తిట్టలేదు, తిడితేనే నయం. "నా ఓటు వాపసు ఇస్తావా బ్రదరూ?" అన్నాడంతే.

తర్వాత మామూలుగా మాటల్లో, "నర్సక్క రేపు వస్తోందని ఎవరితోనో కబురు పంపింది. దిగగానే దీవి తెరిచి తన దీపాలు చూసుకోవాలట, ఆరు వారాలైందిగా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక అయిదు నిమిషాలు మామూలుగా కాగితాలు కోశాను. ఆరో నిమిషం మిషను ఆపేశాను.

ఆఖరిసారి చూసిన దీవి ప్రతివాడి కంప్యూటరులోనూ ఒక నకలుగా ఉంటుంది. మళ్లీ తెరవగానే కొత్త దీవి వచ్చి పాత నకలుని తుడిచేస్తుంది. మా నలుగురివీ తుడిచిపెట్టుకుపోయాయి. నర్సక్క ఆరు వారాలుగా కంప్యూటరు ముట్టుకోలేదు!

ఆమె తెరిచిందా, అదీ పోయింది.

ఫోన్ చేశాను. బీరువాలో మోగుతోంది కాబోలు. ఇరవై సార్లు చేశాను. సర్వేయరుకి చేశాను. ఆయన ఒక్క మాటే అన్నాడు: "కంప్యూటరు పెట్టకముందే నెట్ తీగ లాగేయాలి. అది చాలు. పరిగెత్తు."

జూన్ 20, శనివారం

పొద్దున ఆరింటి నుంచి బస్టాండులో నిలబడ్డాను. ఏ బస్సో తెలీదు, అన్ని బస్సులూ చూశాను. తొమ్మిదిన్నరకి దిగింది, భుజాన సంచి, చేతిలో చెప్పులు.

"ఏంటి అగ్గిపెట్టె, నాకోసం వచ్చావా? దండ ఏది?"

"అక్కా, కంప్యూటరు ముట్టుకోకు."

"ఇంకా ఆటోనే ఎక్కలేదు."

"నీ కాళ్లు మొక్కుతాను, ముట్టుకోకు."

ఆమె నా మొహం చూసి నవ్వు ఆపింది. పేషెంట్ల మొహాలు చదివే మనిషి. ఆటోలో అంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి అడ్డుపడింది, "సరే అని నొక్కావా? చదవకుండా? మా వార్డులో అలా చేస్తే ఏమవుతుందో తెలుసా?"

ఆమె గదిలో ముందు నెట్ తీగ లాగాం. అప్పుడు కంప్యూటరు పెట్టాం. ఆట జోలికి పోకుండా ఫోల్డరు తెరిచి, దీవి నకలుని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాం. ఒకటి ఆమెది, ఒకటి నాది. నేను తొందరపడుతుంటే ఆమె మౌసు లాక్కుంది.

తర్వాత తీగ పెట్టకుండానే తెరిచి చూశాం, మే పదో తేదీ దీవి. ఆ తలుపులున్నాయి, ఆ కిటికీలున్నాయి, నలభై రెండు. కప్పు లేదు. కప్పు ఎక్కించింది ఆ తర్వాతి మూడు వారాల్లోనే. పందొమ్మిది దూలాలూ వాసాలూ, వాటి లెక్క మావయ్య తలలో తప్ప ఎక్కడా లేదు.

నోటీసు రాసి అక్కకి చూపించాను. రెండు పేజీలు.

"ఇది చదివేలోపు సెలైన్ బాటిల్ అయిపోతుంది" అని "చారిత్రక" నుంచి "ముందడుగు" దాకా కొట్టేసింది. ఆమె పెన్నుతో కొడుతుంటే కోపం వచ్చింది. మిగిలింది చదువుకున్నాక కోపం ఎవరి మీదో తేలక ఊరుకున్నాను. సర్వేయరుకి ఫోన్లో చదివితే ఆయన ఒక్క వాక్యం పైకి జరిపించాడు, ఒక్క వాక్యం కలిపించాడు. తాళాలు ఆయనకే తిరిగి ఇస్తానంటే తీసుకోనన్నాడు. "ముగ్గురి దగ్గర ఉండనీ. ఇద్దరు ఔనంటేనే తెరుచుకునేట్టు పెడదాం."

గ్రూపులో పెట్టింది ఇది. ఇంకో కాపీ కాగితం మీద రాసి, మావయ్య అరుగు మీద కూర్చునే చోట రాయి కింద పెట్టాను. ఆయన చూశాడు. తీయలేదు. లోపలికి వెళ్లిపోలేదు కూడా.

"రేపు పదింటిదాకా దీవిని ఎవరూ తెరవద్దు. ఇప్పుడు దానికి తాళం వేసి ఉంది.

హాలు పోవడానికి కారణం నేను. సర్వేయరు గారు కాదు. ఆయన నోటీసు చదవకుండా దీవి తెరిచింది, ఆట హెచ్చరిస్తే సరే అన్నది, ఆ తప్పు ఆయన మీద వేసి ఓట్లు అడిగింది నేనే. లాగ్ కింద పెట్టాను, అందరూ చూడండి. ఇకనుంచి అది అందరికీ కనిపిస్తుంది.

నర్సక్క దగ్గర మే పదో తేదీ నకలు దొరికింది. రేపు దాన్ని దీవి మీదికి ఎక్కిస్తాం. ఆ తర్వాత మనలో ఎవరెవరు కట్టినవి పోతాయో ఆ జాబితా కూడా కింద ఉంది. అభ్యంతరం ఉంటే పదికి ముందే చెప్పండి, ఆపేస్తాం.

ఇకమీదట ఏ మాడ్ మార్చినా ముందు ఉత్త నకలు దీవి మీద పరీక్ష. మారిందేమిటో ఒక్క వాక్యంలో పైకి చదివాకే అసలు దీవి తెరవాలి. వారం వారం నకలు తీసే మొదటి వంతు నాది, ఇవాళే తీశాను.

మిగిలింది కప్పు. కొలతలు మావయ్యవి, మోసేది మేం. ఆయన వచ్చి చెప్తేనే మొదటి దూలం లేస్తుంది. రాకపోతే గోడల దగ్గరే ఆగి, కూర్చుని, ఆయన కోసం చూస్తాం.

ఆదివారం, ఉదయం పది గంటలకి. హాలు గోడల దగ్గర. అందరూ రండి."